రివెట్టుకున్న లెక్క కోకో గింజకేదీ?

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్ల ఏరోస్పేస్ సెజ్‌లో తయారైన తోక భాగాలు అమెరికా వెళ్లి సి-130జె రవాణా విమానాలకు అమరుతున్నాయి. అపాచీ హెలికాప్టర్ల బాడీలు కూడా ఇక్కడే తయారవుతాయి. ఆ షెడ్లలో ప్రతి భాగానికీ ఒక చరిత్ర రాసి ఉంటుంది. లోహం ఏ బ్యాచ్‌ది, బిగించిందెవరు, తనిఖీ చేసిందెవరు, అన్నీ కాగితం మీద ఉండాల్సిందే. కాగితం లేని భాగం ఎంత చక్కగా ఉన్నా పక్కన పడేస్తారు.

ఇదే ఆదిభట్లలో, టీసీఎస్ ఆఫీసు నుంచి కుర్ర ఉద్యోగులు సాయంత్రం బయటికొచ్చే దారిలో, ప్రతి కొట్లోనూ చాక్లెట్ డబ్బా ఉంటుంది. దాని సంగతి వేరు. క్యాడ్‌బరీ సొంతదారు మోండెలీజ్ 2012లో ‘కోకో లైఫ్’ అనే పథకం మొదలుపెట్టింది. 2030 నాటికి దాని మీద పెట్టే ఖర్చు మొత్తం వంద కోట్ల డాలర్లకు చేరుతుందని 2022లో ప్రకటించింది. రైతులకు శిక్షణ, మొక్కలు, బాలకార్మికుల నివారణ, అడవుల రక్షణ... జాబితా పెద్దదే, మంచిదే. లెక్క మాత్రం ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతిలో నడుస్తుంది. నియమాల ప్రకారం పండిన గింజలు వంద టన్నులు కొని, ఫ్యాక్టరీలో వాటిని మిగతా సరుకుతో కలిపేసినా, వంద టన్నుల మేరకు పేరు చెప్పుకోవచ్చు. ఇందులో మోసం లేదు. ఈ రంగంలో ధ్రువపత్రాలిచ్చే పెద్ద సంస్థలు కూడా ఒప్పుకున్న పద్ధతే. రివెట్ల విషయంలో ఇలా చేస్తామంటే మా ఊరి సూపర్‌వైజర్లు నవ్విపోతారు.

సరే, ప్రతి గింజకూ చిరునామా దొరికిందే అనుకుందాం. అప్పుడైనా రైతు కష్టం తీరుతుందా? గోదావరి జిల్లాల వైపు చూడండి. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో ఇది అంతర పంట. కాయ కోసి, పగలగొట్టి, గుజ్జుతో ఉన్న గింజల్ని దాదాపు వారం పులియబెట్టి, మళ్లీ కొన్ని రోజులు ఎండబెట్టాలి. ఆ పులియబెట్టడంలోనే చాక్లెట్ రుచి పుడుతుంది. అంటే రైతు పంటతో ఆగడు, ఫ్యాక్టరీ పనిలో మొదటి వంతు కూడా తనే చేసి ఇస్తాడు.

2024లో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. మరుసటి సీజన్‌కు ధర సగానికి దిగజారింది. కంపెనీలు కొనుగోళ్లు తగ్గించి, నాణ్యత పేరు చెప్పి కోతలు పెడుతున్నాయని రైతులు ఏలూరులో ధర్నాలకు దిగారు. చివరికి 2025 వేసవిలో కిలోకు 500 రూపాయలు ఇప్పించే ఏర్పాటు జరిగింది. అందులో కంపెనీలు 450 ఇస్తే, మిగతా 50 రాష్ట్ర ప్రభుత్వం భరించింది. ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో చాలా రోజులు న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో 8 వేల డాలర్లకు పైనే ఉంది. మన లెక్కలో కిలోకు 680 రూపాయలకు తగ్గదు. నాణ్యతలో తేడాలుంటాయి, రవాణా ఖర్చులుంటాయి, నిజమే. ఆ తేడాలన్నీ కలిపినా అంత ఉంటుందా, ఉంటే ఎందుకో కంపెనీలే వివరంగా చెప్పాలి.

ఇదే పంటకు పశ్చిమ ఆఫ్రికాలో పేరు మోసిన చరిత్ర ఉంది, అదీ చెడ్డ చరిత్ర. ఐవరీ కోస్ట్, ఘనా దేశాల కోకో తోటల్లో ఘోరమైన బాలకార్మిక పద్ధతుల్ని 2005 కల్లా రూపుమాపుతామని చాక్లెట్ పరిశ్రమ 2001లో ఒప్పందం రాసుకుంది. 2020లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క కడితే ఆ రెండు దేశాల్లో ఇంకా 15.6 లక్షల మంది పిల్లలు కోకో పనిలో ఉన్నారని తేలింది. అయితే ఒక్క విషయంలో వాళ్లు మనకన్నా నయం. అక్కడ సీజన్ మొదట్లోనే ప్రభుత్వ సంస్థ రైతు ధర ప్రకటిస్తుంది. దానివల్ల ప్రపంచ ధర పెరిగినప్పుడు వాళ్లు నష్టపోయారు కూడా. కానీ కాయ కోసేముందు ధర తెలుసు. మన రైతుకు ధర్నా చేశాక గానీ తెలియలేదు.

నిజానికి ఈ తోటల వెనక కంపెనీల చొరవ చాలానే ఉంది. క్యాడ్‌బరీ మన దేశంలో కోకో సాగును 1965 నుంచే ప్రోత్సహిస్తూ వచ్చింది. పంట వేయమని చెప్పి, మెలకువలు నేర్పిన వాళ్లు కొనే వేళకు ప్రపంచ మార్కెట్‌ను చూపించి తప్పుకుంటే ఎలా? విమాన భాగం చేసే చిన్న వర్క్‌షాపు కూడా ధర రాసిన ఆర్డరు చేతికొచ్చాకే లోహాన్ని కోస్తుంది.

చిన్నపాటి ప్రయత్నాలు లేకపోలేదు. 2023లో బంజారాహిల్స్‌లో దుకాణం తెరిచిన ‘మనం చాక్లెట్’ సంస్థ గోదావరి గింజలతో చాక్లెట్ చేస్తోంది. ఏలూరు జిల్లా తడికలపూడిలో వాళ్లే గింజలు పులియబెట్టుకుంటారు. కాకపోతే ఆ చాక్లెట్ ధర చూస్తే మా వీధి కొట్టుకు వచ్చేది కాదు. మామూలు రైతు బతుకు తేలేది పది రూపాయల చాక్లెట్ దగ్గరే.

ఇంకో మాట. తోట కౌలుకిచ్చిన చోట రికార్డుల్లో ఉండేది భూయజమాని పేరు. ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకని వాడి పేరు ఏ కంపెనీ రైతుల జాబితాలోకి ఎక్కుతుంది?

కంపెనీలు ఏటా అచ్చువేసే బాధ్యతా నివేదికల్లో మొక్కల సంఖ్య, శిక్షణ శిబిరాల సంఖ్య ఉంటున్నాయి. ఇకనుంచి ఏలూరు జిల్లాలో ఎన్ని టన్నులు కొన్నారో, ఏ నెలలో కిలోకు ఎంతిచ్చారో, కౌలు రైతుకు ఎంత చేరిందో కూడా వెయ్యాలి. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయల ప్రజాధనం ఇచ్చింది కాబట్టి ఆ వివరాలు అడిగే హక్కు దానికుంది. వచ్చే సీజన్ కోతకు ముందే అడగాలి.