ఆసుపత్రి సిబ్బందిలో కరోనావైరస్ సంక్రమణ

ఆసుపత్రి సిబ్బందిలో కరోనావైరస్ సంక్రమణ అనగా రోగులకు సేవచేసే వైద్యులు, నర్సులు, ఆయాలు, వార్డుబాయ్‌లు, పారిశుధ్య కార్మికులు తామే ఆ వైరస్ బారిన పడటం. 2002-03 నాటి సార్స్‌లోనూ, 2019 చివర మొదలైన కోవిడ్-19లోనూ ఈ సమస్య తీవ్రంగా కనిపించింది. దీని విస్తృతిని తెలిపే అంకెలు ఒకదానితో ఒకటి పొసగనట్లు ఉంటాయి. ఏ అంకె దేనిని కొలుస్తున్నదో తెలిసినపుడే వాటి అర్థం బోధపడుతుంది.

రెండు రకాల శాతాలు

సార్స్ సోకిన 8,096 మందిలో సుమారు 21 శాతం ఆరోగ్య సిబ్బందే. చైనాలో 2020 ఫిబ్రవరి 11 నాటికి నిర్ధారణ అయిన 44,672 కోవిడ్ కేసులలో వారు 1,716 మంది, అంటే 3.8 శాతం. దీనినిబట్టి కోవిడ్ వలన సిబ్బందికి ప్రమాదం తక్కువని భావించరాదు. సార్స్ ఎక్కువగా ఆసుపత్రులలో వ్యాపించగా, కోవిడ్ ఊరంతా పాకింది. మొత్తం రోగులు పెరిగినపుడు వారిలో సిబ్బంది వాటా తగ్గుతుంది గాని, సిబ్బందికి ఉన్న ముప్పు తగ్గదు. ముప్పు తెలియాలంటే ప్రతి నూరుమంది సిబ్బందిలో ఎందరికి సోకిందో చూడాలి.

ఎవరికి ఎక్కువ

2020 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రులలో, వ్యాధి లక్షణాలు లేకుండా పనిలో ఉన్న 516 మంది రక్తాన్ని పరీక్షించారు. వారిలో 24.4 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి, అంటే అంతకుముందే వైరస్ సోకింది. శుభ్రపరచే సిబ్బందిలో ఇది 34.5 శాతం కాగా, ఐసీయూ సిబ్బందిలో 14.8 శాతం మాత్రమే. ఐసీయూలో మెరుగైన రక్షణ దుస్తులు, మాస్కులు వాడటం ఇందుకు ఒక కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు.

భారతదేశంలో

భారత వైద్య పరిశోధన మండలి 2020 డిసెంబరు - 2021 జనవరి సర్వేలో యాంటీబాడీలు వయోజనులలో 21.4 శాతం మందికి, ఆరోగ్య సిబ్బందిలో 25.7 శాతం మందికి ఉన్నట్లు తేలింది. 2021 జూన్-జూలై సర్వేలో సిబ్బంది శాతం 85.2కు చేరింది. అయితే 2021 జనవరి 16 నుండి వారికి టీకాలు వేశారు. టీకా వలన కూడా యాంటీబాడీలు వస్తాయి కనుక ఈ పెరుగుదల అంతా సంక్రమణ కాదు.

లెక్కకు రానివారు

2020 జనవరి నుండి 2021 మే వరకు ప్రపంచంలో 80,000 నుండి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ సంస్థకు అధికారికంగా అందిన లెక్క ఏడువేల లోపే. భారతప్రభుత్వం 2020 మార్చిలో ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా కాంట్రాక్టు, దినకూలీ సిబ్బందికీ వర్తించింది. కాని మరణానికి కారణం కోవిడ్ అని ప్రయోగశాల నివేదికతో చూపవలసి ఉండేది. అందువలన పరీక్ష జరగని కార్మికుని పేరు లెక్కలోకి రాకపోవడమే గాక, అతని కుటుంబానికి పరిహారం అందడమూ కష్టమయ్యేది.