పసుపు కుంకుమ సరే, చాంబర్ చూశారా?

దసరా వచ్చిందంటే పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులకు పసుపు కుంకుమలు పెట్టి, హారతి ఇచ్చిన ఫొటోలు పత్రికల నిండా ఉంటాయి. పూజను తప్పుపట్టే పని లేదు. కానీ కొత్త కానిస్టేబుల్ చేత తొలిసారి పిస్టల్ విప్పించి, తుడిపించి, నూనె పెట్టించిన సీనియర్ ఫొటో ఒక్కటీ రాదు. ప్రాణాలు కాపాడేది ఆ పాఠమే.

అందులో నూనె వంతు ఆఖరున వస్తుంది. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లోకి చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. వరస తప్పి మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగి వదిలితే, అది ముందుకు వెళ్తూ ఇంకో తూటాను చాంబర్‌లోకి ఎక్కిస్తుంది. గ్లాక్ పిస్టల్‌నైతే విప్పడానికి ట్రిగ్గర్ నొక్కక తప్పదు. ‘శుభ్రం చేస్తుండగా పేలింది’ అనే వార్తలు ఇలాంటి చోటే పుడతాయి. 2024 అక్టోబరు 1న నటుడు గోవింద కాల్లో దిగింది సొంత లైసెన్సు రివాల్వర్ తూటాయే. లైసెన్సు కావాలంటే భద్రతా శిక్షణ పొందాలని 2016 ఆయుధ నిబంధనలు చెబుతూనే ఉన్నాయి.

ఖాళీ అని తేలాక బ్యారెల్‌ను చాంబర్ వైపు నుంచి బ్రష్ చేసి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. స్లైడ్ జారే గాడుల్లో ఒక్కో చుక్క నూనె చాలు. ఎక్కువైతే మసి, దుమ్ము అంటుకుని ముద్ద కడతాయి.

మన్యంలో ఈ పని మరీ ముఖ్యం. అరకు, లంబసింగి చలిలో తిరిగిన తుపాకీని వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుము మీద నీరు పడుతుంది. తుడవకపోతే తుప్పే. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి అల్లూరి దళం పట్టుకెళ్లిన తుపాకులు 26. ఆ వానల్లో, ఆ అడవిలో తుడవని తుపాకీ ఎన్నాళ్లు పనికొస్తుంది?

నాటు తుపాకీ సంగతి ఇంకా ఘోరం. నాటు మందు కాలాక మిగిలే లవణాలు తేమను లాగి గొట్టాన్ని తినేస్తాయి. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూయకపోతే ఏదో ఒకనాడు అది చేతిలోనే పగిలిపోవచ్చు. వాటిని అప్పగించమని పోలీసులు అడగడం న్యాయమే. మరి రైతు ఆ తుపాకీతో తరిమే అడవి పందులు తొక్కిన చేనుకు దిక్కెవరు? రైతు తుపాకీ దించితే పంది పొలం దిగకుండా ఉంటుందా? కేసు పెట్టడంలో ఉన్న తొందర పరిహారంలో లేదు. తుపాకీ అప్పగించిన రైతు పేరు రాసుకునే రిజిస్టర్‌లోనే అతని పంట నష్టమూ రాసి, ఆ వారంలోనే అటవీ శాఖకు పంపే బాధ్యత స్టేషన్‌కే అప్పగించాలి.