పల్లెబాటలు - సైకిలు యాత్రలు

సైకిలు మీద దేశము చూచుట యనిన మనకు విదేశపు ముచ్చటగనే తోచును. స్పెయిన్ దేశమున కాస్టీలు, లామాంచా మైదానములలో గోధుమచేల నడుమ, ద్రాక్షతోటల ప్రక్కగా, మోటారుబండ్ల సందడి లేని దారులవెంట దినములతరబడి సైకిలుపై పోవువారు పెక్కురు గలరు. రైళ్లు నడుచుట మానిన పాత ఇనుపదారులను ఆ దేశమువారు 1993 నుండి నడకకును సైకిలుకును అనువైన హరితమార్గములుగా మార్చుచు వచ్చిరి. నేడవి మూడువేల కిలోమీటర్లు దాటినవి. 1605లో వెలువడిన సెర్వాంటిసు నవలలో డాన్ క్విక్సోటు తన బక్కగుర్రము నెక్కి తిరిగిన నేల ఆ లామాంచాయే. ఆ నవల చదివినవాడు దారిలో గాలిమరను చూచి నవ్వుకొనును. చదువనివాడు ఇంటికి పోయి చదువును. ఇట్టి సంగతులు వినినప్పుడు మన ఉపాధ్యాయులు ‘అట్టి దారులు మనకెక్కడివి?’ యని నిట్టూర్చుట కలదు. ఆ నిట్టూర్పునకు తగిన కారణము మాత్రము కానరాదు.

రామన్నపేటనే తీసికొందము. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా కేంద్రము; 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి దీనికి దక్షిణముగా చౌటుప్పలు, చిట్యాలల మీదుగా పోవుచున్నది. లారీలు, బస్సులు, కార్లు అన్నియు దానివెంట పరుగెత్తుచున్నవి గనుక మునిపంపుల, వెల్లంకి, సిరిపురము వంటి ఊళ్లను కలుపు సన్నని తారుబాటలు చాలవరకు ప్రశాంతముగ నున్నవి. ఇది దక్కను పీఠభూమి. స్పెయిను మైదానమువలె బల్లపరుపు కాదు. అయినను ఎత్తు మెల్లగా వచ్చును, పల్లము మెల్లగా వచ్చును. పదునాలుగేండ్ల పిల్లవాడు దిగి నడువనక్కరలేకయే తొక్కుకొని పోగలడు. ఎర్రని చెలక, నల్లని గుండ్లు, బారులు తీరిన తాటిచెట్లు, చెరువుకట్ట, కట్టక్రింద వరిమళ్లు - ఇదియే పదేపదే తిరిగివచ్చును. విసుగు పుట్టునా యనిన, బస్సులో పుట్టును, సైకిలుపై పుట్టదు. ఏలయన ప్రతి చెరువు వెనుక వేరొక ఊరు, ఆ ఊరికి వేరొక పేరు ఉన్నవి. పేట, పల్లి, గూడెము, కుంట, బావి - ఊరిపేరు చివర నున్న మాటయే ఆ ఊరు సంతచేత పుట్టినదో, నీటిచేత పుట్టినదో చెప్పును. తెలుగు వ్యాకరణమున సమాసములు బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకమేది?

యాత్రాచరిత్ర మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. మజిలీ మజిలీకి ఎన్ని ఆమడలో, ఏ ఊర ఏ వస్తువు దొరకునో, దారి ఇసుకయో రాయియో ఆయన వ్రాసిపెట్టెను. పల్లకి వేగమున పోయినవాడు గనుకనే అంత చూడగలిగెను. ఆ తరువాత మన యాత్రారచన రైలెక్కినది, విమానమెక్కినది. వేగము పెరిగినకొలది నడుమనున్న ఊళ్లు రాలిపోయినవి. నేటి రచనలు కొన్ని విమానాశ్రయమున మొదలై విమానాశ్రయముననే ముగియుచున్నవి. పల్లకి మరల రాదు; రానక్కరయు లేదు, మోసినవారి భుజములనడిగిన తెలియును. కాని గంటకు ఇంచుమించు ఒక ఆమడ పోవు సైకిలుకు ఆ పాతచూపు మిగిలియున్నది. పైగా దానిని మోయువాడు ఎక్కినవాడే.

చూడవలసినవి ఏమున్నవని అడుగువారికి రామన్నపేట ప్రాంతమున జవాబు చిన్నది కాదు. తుమ్మలగూడెము, అనగా ఇంద్రపాలనగరము, ఇక్కడికి సమీపముననే కలదు. అక్కడ దొరికిన విష్ణుకుండినుల తామ్రశాసనములను చరిత్రకారులు బి.ఎన్. శాస్త్రిగారు 1960 ప్రాంతపు దశకమున వెలుగులోనికి తెచ్చిరి. విక్రమేంద్ర భట్టారకవర్మ శాసనమున శకవర్షము 488, అనగా క్రీస్తుశకము 566, స్పష్టముగా నుండుటచేత అంతవరకు తికమకగా నున్న విష్ణుకుండినుల కాలనిర్ణయమునకు ఒక గట్టి ఆధారము చిక్కినది. రాజవంశముల పట్టికను వల్లించు విద్యార్థికి ఆ ఊరు తన బడికి సైకిలు దూరములో నున్నదని తెలియకపోవుట విచారకరము. వాడు పరీక్షలో విష్ణుకుండినులను గూర్చి వ్రాయును. సెలవులలో అరకు పోవును.

పోచంపల్లి మరికొంత దూరము. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే అక్కడ నున్నప్పుడు ఆ ఊరి దళితులు ఎనుబది యెకరములు కావలెనని అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరు యెకరములిచ్చెను. భూదానోద్యమము ఆ మాటతో పుట్టినది. వినోబా అక్కడికి కాలినడకన వచ్చెనన్నది మరువరాదు. ఊరి నడుమ నిలిచి మాటాడుటకు వీలుండునట్లు వచ్చువానితో ఊరు మాటాడును. అద్దము బిగించిన బండిలో వచ్చువానికి చీర చూపును, వెల చెప్పును, అంతే.

అందమైనవి మాత్రమే కనబడునని కాదు. వలిగొండ వైపు పోవునప్పుడు మూసీ ఎదురగును. చూపుకంటె ముందు ముక్కునకు తెలియును. రాజధాని తాను వద్దనుకొన్న మురికినంతటిని ఈ యేటిలో వదలుచున్నది; ఆ నీటితోనే ఇక్కడ వరియు పశుగ్రాసమును పండుచున్నవి. కొన్నివేళల నీటిపై నురుగు తెట్టెలుగా తేలును. కారులో పోవువారు వంతెనను అరనిమిషమున దాటుదురు. సైకిలుపై పోవు విద్యార్థి ఆగును, చూచును, ‘ఇదెక్కడినుండి వచ్చెను సార్?’ అని అడుగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఉపాధ్యాయుడు రసాయనశాస్త్రమును, పౌరశాస్త్రమును, భూగోళమును ఒకేసారి తెరువవలసివచ్చును. విహారమున ఇట్టి ప్రశ్న పుట్టినదా, దాని ఖర్చు గిట్టినట్లే.

ఇక అడ్డుమాటలు. మొదటిది పరువు. సైకిలు ఈ పల్లెలకు విలాసవస్తువుగా వచ్చి, అవసరవస్తువై, నేడు బీదతనపు గుర్తుగా మిగిలినది. గీతకార్మికుడు కల్లుకుండలను దానికే తగిలించెను. నేతవాడు మగ్గము దించిన చీరల మూటను దానిమీదనే కట్టెను. గంటకింత యని కిరాయికిచ్చు దుకాణమును జనులు ‘సైకిలు టాక్సీ’ యనిరి. పండితులు ద్విచక్రి వంటి మాటలు కూర్చిరి గాని జనులు వినిపించుకొనలేదు, సైకిలే తెలుగుమాటయైనది. అంతటి చుట్టమును ఇప్పుడు గడపలో నిలువనీయరు. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించెను. 1951లో మొదలైన అట్లాసు సైకిళ్ల కంపెనీవారి సాహిబాబాదు కర్మాగారము 2020లో సరిగా ఆ దినముననే మూతపడెను. ఇంతలో నగరమున సైకిలునకు వేరొక పరువు వచ్చినది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల కప్పుతో ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలుబాటను 2023లో తెరచిరి. మంచిదే. కాని కారు వెనుక సైకిలును కట్టుకొనిపోయి ఆ కప్పుక్రింద తొక్కి మరల కారెక్కి వచ్చుట వ్యాయామమగును గాని యాత్ర కాదు. ఆ వ్యయములో నలుసంత ఈ పల్లెబాటల అంచున చింతలు, వేపలు నాటుటకును, గుంతలు పూడ్చుటకును చాలును.

రెండవది, ఆడపిల్లలను ఎట్లు పంపుదురను మాట. 1991లో తమిళనాడున పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము వేలాది స్త్రీలకు అక్షరములతోబాటు సైకిలు నేర్పినది. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల పథకము పెట్టగా, ఉన్నత పాఠశాలలలో వారి చేరిక మూడవవంతు వరకు పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కించిరి. బడికి దూరమైన ఊళ్లలో ఫలము మరింత హెచ్చు. బడికి పోగలిగిన సైకిలు ఉపాధ్యాయిని వెంట పొరుగూరికి పోలేదా?

మూడవది అపాయము. ఇది నిజమైన మాట, తేలికగా తీసివేయరాదు. జాతీయ రహదారిని పిల్లలతో దాటుట వద్దేవద్దు. ఆ రహదారికి ఉత్తరపు వైపుననే ఉండునట్లు దారిని ఎంచుకొనవలెను. ఇసుక ట్రాక్టర్లు తిరుగు దారులను ఊరివారినడిగి విడువవలెను. కోతలకాలమున సగము రోడ్డుమీద వడ్లు ఆరబోసియుండును. అది తప్పే, కాని కల్లము లేని రైతునకు వేరుచోటు లేదు. సైకిలు దిగి, ధాన్యము త్రొక్కకుండ నడిపించుకొని పోవుటయే మర్యాద. ఆ నాలుగడుగులలో ఈయేటి పంట ఎట్లున్నదో చెప్పు మనిషి తప్పక ఎదురగును. తుమ్మముండ్లు చక్రములకు బద్ధశత్రువులు. అతుకుల సామాను, గాలిపంపు లేక ఊరు దాటరాదు. నీరు ఇంటినుండియే తీసికొనిపోవలెను. నల్లగొండ బావినీటిలోని ఫ్లోరైడు సంగతి ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పవలసినది కాదు.

కార్తీకము మొదలు మాఘము వరకు అనువైన కాలము. తొమ్మిదవ తరగతి పిల్లలు పదునైదుమంది, ముందొక ఉపాధ్యాయుడు, వెనుకనొకరు, పొద్దుపొడుపున బయలుదేరి పదిగంటలలోపల పోవలసిన ఊరు చేరవచ్చును. దిగవలసినది ఆ ఊరి బడిలోనే. ఆ బడి పిల్లలే తమ చెరువును, గుడిని, శాసనపు రాతిని, మగ్గమును చూపుదురు. అన్నము వారితో కలిసియే. ఎండ వాలినాక తిరుగుప్రయాణము. మరునెల ఆ పిల్లలు రామన్నపేటకు వచ్చినప్పుడు ఊరు చూపవలసిన వంతు వీరిది. అప్పటికి వీరు తమ ఊరిని గూర్చి తాతలను, అవ్వలను నాలుగు మాటలడిగి తెలిసికొనియుండవలెను.