భయాన్ని బోధించకండి

ఈ మధ్య మన కూటాల్లో నాకు వినబడుతున్నది సువార్త కాదు, బెదిరింపు. మీ ఇంటి మీద శాపం ఉంది. మీ తాత చేసిన పాపం మీ కొడుకు ఉద్యోగానికి అడ్డం పడుతోంది. దశమభాగం ఎగ్గొట్టారు కాబట్టే ఇంట్లో ఈ రోగం. ఈ నూనె రాసుకోకపోతే, ఈ ఉపవాస కూటానికి రాకపోతే, దైవజనుడి మీద నోరు జారితే ఏమవుతుందో చూసుకోండి! ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పొద్దంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు. ఒక భయంతో వచ్చినవాళ్లు రెండు భయాలతో ఇంటికి పోతున్నారు. కొంగున కట్టుకున్న కూలి డబ్బులు కానుక సంచిలో పడిపోతున్నాయి.

నేను విశ్వాసిని. క్రీస్తును నమ్మినవాడిగానే చెబుతున్నాను, ఇది క్రైస్తవం కాదు. వేదిక వెనక గోడ మీద సిలువ ఎంత పెద్దదున్నా, ఆ సిలువ మీద జరిగినదాన్ని ఒప్పుకోని బోధ ఇది.

పౌలు గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం, పదమూడో వచనం తెరవండి. మన మీద ఉన్న శాపాన్ని క్రీస్తు తన మీద వేసుకుని మనల్ని విడిపించాడని అక్కడ ఉంది. ఆయన మోసేసిన శాపాన్ని ఈ బోధకుడు మళ్లీ ఆ తల్లుల నెత్తిన ఎలా పెడుతున్నాడు? ఎవరిచ్చారు ఆ అధికారం? తండ్రి పాపానికి కొడుకును శిక్షించనని యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయంలో దేవుడు తేల్చి చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇతను పాపం చేశాడా, ఇతని కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే, ఇతనూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. యోబు బూడిదలో కూర్చున్నప్పుడు నీ పాపమే నీ రోగమని వాదించిన స్నేహితుల మీద దేవుడి కోపం రగిలింది. ఆ స్నేహితుల ప్రసంగాలే ఇవాళ మైకుల్లో మోగుతున్నాయి.

ఇక మలాకీ. మూడో అధ్యాయంలో దశమభాగం మాట ప్రతి బోధకుడికీ కంఠతా వచ్చు. అదే అధ్యాయం ఐదో వచనంలో, కూలివాడి కూలి బిగబట్టేవాడి మీద తానే సాక్షిగా నిలబడతానంటాడు దేవుడు. ఆ వచనం మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? రెండో అధ్యాయం మొదట్లో శాపం యాజకుల మీదే ఉంది. వేదిక మీద నుంచి అది ఎవరూ చదవరు.

రెండో రకం బోధ ఇంకా మెత్తగా గాయపరుస్తుంది. భయపడ్డావంటే నీకు విశ్వాసం లేనట్టేనట. ఆసుపత్రి ఐసీయూ బయట కూర్చున్న తల్లితో, బ్యాంకు నోటీసు చేతిలో పట్టుకున్న రైతుతో ఈ మాట అనడానికి నోరెలా వస్తుంది? గెత్సెమనేలో యేసు కలవరపడ్డాడు, ఈ గిన్నె తొలగించమని అడిగాడు, ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. లోపల భయాలు ఉన్నాయని పౌలు కొరింథీయులకు దాచకుండా రాశాడు. వాళ్లకు విశ్వాసం తక్కువైందా? విశ్వాసం భయం లేకుండా చేయదు. భయంతో ఉన్నవాణ్ణి లేపి నిలబెడుతుంది. తోటలో వణికిన ఆయనే, పట్టుకోవడానికి దివిటీలతో వచ్చినవాళ్లకు తానే ఎదురు వెళ్లాడు.

ఇలా నిలబెట్టే విశ్వాసం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు, ఒంగోలు చాలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. తోళ్ల పని చేసే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య మొదటి విశ్వాసుల్లో ఒకడు. ఊరూరా తిరిగి సువార్తను తన వాళ్లకు చేర్చింది ఆయనే. దొర పేరు చెప్పుకుని పేరయ్యను మరిచిపోయే మన అలవాటు నాకు నచ్చదు. విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ఊరికి చెప్పిందేమిటి? ఆదివారం పని చేయం. చచ్చిన గొడ్డు మాంసం తినం. విగ్రహాలకు మొక్కం, జాతరలో డప్పు కొట్టం. వినడానికి చిన్న మాటలు. కానీ ఆ రోజుల్లో కరణం మాట, మునసబు మాట కాదన్న మాదిగకు బతుకు లేదు. పని ఆగింది, దెబ్బలు పడ్డాయి, బావి దగ్గరికి రానివ్వలేదు. వాళ్లకు భయం లేదా? ఎందుకు ఉండదు, పిల్లలు గలవాళ్లు కదా! అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ మీదట 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి పనిచ్చాడు. అన్ని నెలలూ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం, చావు భయంతో వచ్చేవాణ్ణి చేర్చుకోకూడదన్నది ఆయన పట్టుదల. పని అయిపోయాక, ఇవ్వడానికి రూపాయి లేదని తెలిసి కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. భయపడి వచ్చినవాణ్ణి ఆగమన్న మిషను అది. మనవాళ్లు భయపెట్టి మరీ పిలుస్తున్నారు.

మందుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి. షుగర్ మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టని చెప్పే మనిషి కాపరి కాదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు. త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచివచ్చానని రాశాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కూగ్లర్ ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేస్తూ 1898లో ఆసుపత్రి తెరిచింది. ప్రార్థనా చేసింది, మందూ ఇచ్చింది.

నిజంగా భయపడాల్సినవి లేవా? ఉన్నాయి. వాటి దగ్గర ఈ బోధకులు మూగవాళ్లవుతారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవుడైన దళితుడికి ఆ హోదా లేదంటుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. పెళ్లి పత్రిక మీద సిలువ గుర్తు వేయడానికి కూడా ఆలోచించే కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లను పిరికివాళ్లనడం నాకు చేతకాదు, పిల్లల చదువు దాని మీద నడుస్తోంది. ఇక ప్రాణభయం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. ఇలాంటి భయం ముందు మనిషిని నిలబెట్టే బోధ కావాలి. దాని బదులు తాత శాపం, ముత్తాత శాపం తవ్వి తీస్తున్నారు.

అయ్యగార్లకు ఒక మనవి. వచ్చే ఆదివారం మలాకీ రెండో అధ్యాయం గట్టిగా చదవండి. మాత్రలు మానవద్దని వేదిక మీద నుంచే చెప్పండి. నూనె సీసాలు తీసేయండి.

అమ్మలారా, అక్కలారా, మీ ఇంటి మీద శాపం ఉందని ఈసారి ఎవరైనా అంటే గలతీయులకు మూడో అధ్యాయం తెరిచి ఆయన చేతికివ్వండి. పదమూడో వచనం చదివించండి. చదవనంటే ఆ కూటానికి మళ్లీ వెళ్లకండి.