ముసలి చుక్క దాచిన మూట!

కార్తీకమాసంలో చీకటి పడ్డాక అమలాపురంలో మేడెక్కి ఉత్తరానికి చూస్తే, కొబ్బరి తలల మీదుగా ధ్రువనక్షత్రం కనిపిస్తుంది. దానికి పైన, సెఫియస్ మండలంలో ఓ ముసలి నక్షత్రం ఉంది. మామూలు కంటికి ఆనదు. టెలిస్కోపులో చూస్తే చిన్న పొగమచ్చ. 1788లో విలియం హెర్షెల్ కనిపెట్టిన ఆ మచ్చ పేరు ఎన్‌జీసీ 40.

ఇలాంటివాటిని 'గ్రహ నీహారికలు' అంటారు గానీ, గ్రహాలతో వీటికి సంబంధం లేదు. సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయే దశలో పైపొరల్ని వదిలేస్తుంది. లోపల మిగిలిన వేడి గుండె వెలువరించే అతినీలలోహిత కాంతికి ఆ వాయువు మెరుస్తుంది. కొన్ని వేల ఏళ్లకు చెదిరిపోతుంది. మరి చుక్క మొత్తం ఎంత వదిలింది? ఆ లెక్క తేలాలంటే మెరవని వాయువునీ పట్టుకోవాలి.

అందుకు అతినీలలోహిత కాంతిలో ఫొటో తీయాలి. ఆ కాంతినేమో చాలావరకు భూవాతావరణం అడ్డుకుంటుంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి నింగికెగసిన ఆస్ట్రోశాట్‌లో యూవిట్ టెలిస్కోపు ఉన్నది అందుకే. బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థకు చెందిన ఎన్.కామేశ్వరరావు బృందం దాంతో ఎన్‌జీసీ 40ని ఫొటో తీసింది. అప్పటిదాకా తెలిసిన అంచులు దాటి మరో వెలుగు వలయం కనిపించింది! అది చల్లని హైడ్రోజన్ అణువులది కావచ్చని 2018లో ప్రకటించారు. అంటే, చుక్క వదిలిన సొత్తులో కొంత అన్నాళ్లూ లెక్కకే రాలేదన్నమాట.

దాదాపు 500 కోట్ల ఏళ్లకు మన సూర్యుడూ ఇలాగే పొరలు విడుస్తాడు. పోయేదేదీ వృథా కాదు. పాత చుక్కలు వదిలిన కార్బనే కొత్త లోకాలకు ముడిసరుకు. కోనసీమ కొబ్బరికాయలోనూ ఉన్నది అదే మరి!