తీసేశారు సరే, ఎందుకు తీసేశారు?

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. ఐపీఎల్ జట్లు ఏ ఆటగాళ్లను అట్టేపెట్టుకుంటున్నాయో చెప్పడానికి ఆఖరి గడువు కూడా ఆ సాయంత్రమే. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర నేను రోజూ టీ తాగే కొట్టు ముందు ఒక ఆటో డ్రైవరు మతాబుల సంచీ బల్ల మీద పెట్టి, బాణసంచా కొట్టువాళ్లు ఇచ్చిన బిల్లు వెనక సన్‌రైజర్స్ హైదరాబాద్ లెక్క రాస్తున్నాడు. క్లాసెన్ 23. కమిన్స్ 18. అభిషేక్ శర్మ 14. హెడ్ 14. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. కింద గీత గీసి 75 అని వేసి, దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు.

“అయిదుగురికే డెబ్బై అయిదు కోట్లండి మాస్టారూ. నూట ఇరవైలో ఇంక మిగిలింది నలభై అయిదు. దాంతో తక్కువలో తక్కువ పదమూడు మందిని కొనాలి. భువీని కూడా వదిలేశారు. ఇంక బంతి ఎవరేత్తారండి?”

మాస్టారంటే ఎదురు బల్ల మీద కూర్చున్న రిటైర్డు డ్రిల్లు మాస్టారు. “హెడ్, అభిషేక్, క్లాసెన్ ముగ్గురూ నిలబడి కొడితే బంతి ఎవడేసినా ఒకటేరా అబ్బాయ్” అన్నారాయన.

“కొట్టని రోజు సంగతేటండి?”

మాస్టారు గ్లాసు కింద పెట్టారు గానీ జవాబు చెప్పలేదు. అంతకు అయిదు నెలల ముందే, మే 26న చెన్నైలో, కోల్‌కతా మీద ఫైనల్లో సన్‌రైజర్స్ 113కే కూలిపోయింది. ఆ ఏడాది బెంగళూరు మీద 287, ముంబయి మీద 277 కొట్టిన జట్టది. కొట్టని రోజు ఎలా ఉంటుందో ఆ రాత్రి అందరూ చూశారు.

తర్వాతి సీజన్ ఆ బిల్లు కాగితాన్ని దాదాపు అక్షరాలా నిజం చేసింది. 2025 మార్చి 23న రాజస్థాన్ మీద 286. ఆ వెంటనే వరసగా నాలుగు ఓటములు. ఏప్రిల్ 12న ఉప్పల్లో పంజాబ్ మీద షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చాడు. అదే మ్యాచ్‌లో అభిషేక్ 55 బంతుల్లో 141 బాది 246 లక్ష్యాన్ని చులాగ్గా దాటించాడు. ఒకే రాత్రి ఆటో డ్రైవరూ గెలిచాడు, మాస్టారూ గెలిచారు. చివరికి జట్టు ఆరో స్థానంలో ఆగింది. వదిలేసిన భువనేశ్వర్ బెంగళూరుకి వెళ్లి, జూన్ 3న కప్పు ఎత్తుకున్న జట్టులో ఉన్నాడు. 2014 నుంచి పదకొండు సీజన్లు సన్‌రైజర్స్‌కి బంతి వేసినవాడు, 2016లోనూ 2017లోనూ వరసగా లీగ్‌లో ఎక్కువ వికెట్లు తీసినవాడు. హైదరాబాద్ జట్లు గెలిచిన రెండు ఐపీఎల్ కప్పులూ, 2009లో డెక్కన్ ఛార్జర్స్‌దీ 2016లో సన్‌రైజర్స్‌దీ, బెంగళూరు మీద గెలిచినవే. ఆ బెంగళూరుకే మన బౌలరు కప్పు తెచ్చిపెట్టడంలో చెయ్యి వేశాడు. ఆ బాధ గోదావరి జిల్లాల్లో ఎంత ఉందో చూడాలంటే ఆ రాత్రి ఏ సెంటర్లోనైనా నిలబడి వినాల్సింది.

ఈ మాటల్ని పనిలేని కబుర్లని కొట్టిపారేసేవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. నేను అలా అనుకోను. నెలకు ఇంత ఆదాయం, అందులో అద్దె ఇంత, ఫీజులు ఇంత అని లెక్కేసుకునే మనిషి, నూట ఇరవై కోట్లు ఖర్చుపెట్టేవాళ్ల లెక్క సరిచూస్తున్నాడు. డబ్బు ఎక్కడ పెట్టారు, ఎక్కడ తగ్గించారు, దాని వల్ల రేపు ఏ చోట చిల్లు పడుతుంది అని ముందే చెబుతున్నాడు. ఇంత శ్రద్ధగా అడిగే ప్రశ్నకు ఇంకో వైపు నుంచి జవాబు రావాలి. నా గొడవంతా ఆ జవాబు గురించే.

అభిమానులే ఎప్పుడూ ఒప్పు అనడం లేదు. 2023 డిసెంబరు 19న దుబాయ్ వేలంలో కమిన్స్‌కి 20 కోట్ల 50 లక్షలు పెట్టినప్పుడు ఆ టీకొట్టులో నవ్వనివాడు లేడు. టెస్టు బౌలరుకి ఇరవై ఓవర్ల ఆటలో ఇంత సొమ్మా అన్నారు. ఆ మనిషే కెప్టెన్‌గా అయిదు నెలల్లో ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అదే వేలంలో హెడ్‌ని 6 కోట్ల 80 లక్షలకు పట్టుకొచ్చారు. అంతకు ముందు ఏడాది హ్యారీ బ్రూక్‌కి 13 కోట్ల 25 లక్షలు పెట్టిన రోజునే క్లాసెన్‌ని 5 కోట్ల 25 లక్షలకు తెచ్చారు. మేమంతా బ్రూక్ గురించి మాట్లాడుకున్నాం, క్లాసెన్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎంపిక చేసేవాళ్ల కంటికి మనకు కనపడనివి కనపడతాయి, ఒప్పుకోవాలి.

కానీ వార్నర్ సంగతి అలాంటిది కాదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన కెప్టెన్. లాక్‌డౌన్ రోజుల్లో మన పాటలకు ఇంటిల్లిపాదితో స్టెప్పులేసి తెలుగు పిల్లలకు బంధువైపోయిన మనిషి. 2021 మే నెల మొదట్లో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచే తీసేశారు. ఫామ్ బాగాలేదు, నిజమే. అయితే ఎందుకు తీసేశారో తనకు ఎవరూ చెప్పలేదని ఆయనే అన్నాడు. ఆ ఏడాది చివర్లో ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ ఆటగాడు ఆయనే. అదే శీతాకాలంలో రషీద్ ఖాన్ కూడా వెళ్లిపోయాడు. గుజరాత్ 15 కోట్లిచ్చి తీసుకుంది, మొదటి ఏడాదే కప్పు కొట్టింది. మన వైపు విలియమ్సన్‌తో పాటు అబ్దుల్ సమద్‌నీ ఉమ్రాన్ మాలిక్‌నీ అట్టేపెట్టుకున్నారు. ఆటగాళ్లు వస్తారు, పోతారు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి ఉప్పల్ వెళ్లి, చేతిలో నారింజ జెండా పట్టుకుని ఎండలో వరసలో నిలబడిన కుర్రాడికి ఒక్క వాక్యం చెప్పలేదన్నదే నాకు మింగుడుపడదు.

జవాబు చెబితే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. 2019 ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటించారు. అంబటి రాయుడు లేడు, విజయ్ శంకర్ ఉన్నాడు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ విలేకరుల ముందు కూర్చుని, శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడు కోణాల్లో పనికొస్తాడని చెప్పారు. తీసేసినవారిదీ గుంటూరే, తీసివేయించుకున్నవాడిదీ గుంటూరే. మర్నాడు రాయుడు ప్రపంచకప్ చూడటానికి 3డీ కళ్లద్దాలు ఆర్డరు చేశానని రాశాడు. తర్వాత శంకర్ కాలి వేలికి దెబ్బ తగిలి వెనక్కి వస్తే, ఆ చోటుకీ రాయుడిని పిలవకుండా మయాంక్ అగర్వాల్‌ని పంపారు. జులై 3న రాయుడు రిటైర్మెంటు ప్రకటించేశాడు. వారం తిరిగేసరికి మాంచెస్టర్ సెమీఫైనల్లో మనవాళ్లు 5 పరుగులకు మూడు వికెట్లు, 24కి నాలుగు పోగొట్టుకున్నారు. నాలుగో నంబరులో ఎవరు, ఎందుకు అని రెండేళ్లుగా సాగిన ప్రశ్న ఆ పూట దేశమంతా ఒక్కసారి అడిగింది.

ప్రసాద్ గారి నిర్ణయం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయినా ఆయన చేసిన ఒక పనికి దణ్ణం పెడతాను. కారణం చెప్పారు. చెప్పారు కాబట్టే దాన్ని తూకం వేయగలిగాం. మూడు కోణాలన్నారు కదా, మొదటి కోణం బ్యాటింగే కదా, అక్కడ ఎవరు మెరుగు అని మనం అడగగలిగాం. నోరు విప్పని సెలెక్టరుతో ఆ మాత్రం వాదన కూడా కుదరదు.

ఇప్పుడు మన ఇంటికి వస్తాను. హనుమ విహారి పుట్టింది కాకినాడలో. 2013 ఏప్రిల్లో ఉప్పల్లో బెంగళూరు మీద కొత్త బంతి ఇస్తే, పందొమ్మిదేళ్ల ఆఫ్ స్పిన్నరు గేల్‌ని అవుట్ చేశాడు. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేక, కుంటుతూ 161 బంతులు ఆడి 23 పరుగులతో అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడాడు. వీటన్నిటికన్నా నా కళ్లల్లో నిలిచిపోయింది 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్. బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాటరు నిలబడితే బౌలరుకు ఎదురుగా ఉండేది ఎడమ చెయ్యే. అందుకని ఎడమచేతివాటం ఆటగాడిలా అటు తిరిగి నిలబడ్డాడు, విరిగిన చెయ్యి వెనక్కి వెళ్లేట్టు. ఒంటిచేత్తో బ్యాటు పట్టుకుని స్వీప్ కొట్టాడు. మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. అది డబ్బు లీగు కాదు, ఆంధ్ర జట్టు.

ఆ మరుసటి ఏడాది, 2024 ఫిబ్రవరి 26న, అదే మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిన రోజు విహారి ఒక పోస్టు పెట్టాడు. సీజన్ మొదటి మ్యాచ్‌లో ఒక ఆటగాడి మీద కేకలేశాననీ, ఆ ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడనీ, దాంతో కెప్టెన్సీ వదులుకోమన్నారనీ, ఇక ఆంధ్రకు ఆడననీ. ఆ ఆటగాడు ఇంకోలా చెప్పాడు. విహారి నోరు జారాడని ఫిర్యాదులొచ్చాయని ఆంధ్ర క్రికెట్ సంఘం చెప్పింది. ఎవరి మాట నిజమో తేల్చే చోట నేను లేను, ఈ శీర్షిక కోర్టూ కాదు. ఎన్నికలయ్యాక విహారి మంత్రి లోకేశ్‌ని కలిశాడు, తిరిగి ఆంధ్రకు ఆడాడు. 2025లో ఆ అధ్యాయమూ ముగిసింది, త్రిపురకు వెళ్లిపోయాడు. అదే ఏడాది తమిళనాడు వదిలి త్రిపురకే వెళ్లిన ఇంకో ఆటగాడు విజయ్ శంకర్. ఆ మూడు కోణాల శంకరే.

నాకు అభ్యంతరం ఎక్కడంటే, ఒక రాష్ట్ర జట్టు కెప్టెన్ దిగిపోవడాన్ని మనం ఆటగాడి సొంత పోస్టులో చదివాం, తిరిగి రావడాన్ని రాజకీయ వార్తల పేజీలో చదివాం. సన్‌రైజర్స్ సన్ టీవీ వాళ్ల ఆస్తి. వాళ్ల సొమ్ము, వాళ్లిష్టం అంటే కొంతవరకు సరిపెట్టుకుంటాను. ఆంధ్ర జట్టు అలా కాదు. దానికి మన రాష్ట్రం పేరుంది. కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో కిట్ బ్యాగు సైకిలుకి కట్టుకుని నెట్స్‌కి వెళ్లే పిల్లాడికి పైమెట్టు అదే. ఆ మెట్టు మీద ఎవరు నిలబడతారో, ఎవరిని ఎందుకు దింపుతారో తెలియకపోతే వాడి తండ్రి ఏ నమ్మకంతో పంపాలి?

ఎంపిక ఎలా చేయాలో మన డెల్టాకు బయటివాళ్లు నేర్పక్కర్లేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠనీ మసూరినీ కలిపి తీసిన పిల్లల్లో ఎన్నిటినో వదిలేస్తూ పోతే చివరికి నిలిచింది స్వర్ణ, ఎంటీయూ 7029. 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. అక్కడ మడి గట్టు మీద నిలబడి ఈ రకం ఎందుకు వదిలేశారండీ అని రైతు అడిగితే చెబుతారు. దోమపోటుకు ఆగలేదనో, గాలికి చేను పడిపోతోందనో, గింజ రాలిపోతోందనో. రైతు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ఇంటికెళ్లి తన మడిలో చూసుకుంటాడు. విత్తనానికి ఇచ్చే మర్యాద పిల్లలకు ఇవ్వలేమా?

2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు గోదావరి టైటాన్స్ అని మన పేరుతో ఒక జట్టు వచ్చింది. 2025 నాటికి కాకినాడ కింగ్స్, భీమవరం బుల్స్ అని రెండొచ్చాయి. పల్లెల్లో కూడా ఇప్పుడు ఆ జట్లలో ఎవరున్నారో, ఎవరు లేరో చర్చ జరుగుతోంది. ఇది మంచి రోజు. ఇంతమంది అడుగుతున్నప్పుడే అలవాటు మార్చుకోవాలి.

ఆంధ్ర క్రికెట్ సంఘం పెద్దలకు ఒక విన్నపం. రంజీ జట్టును గానీ, అండర్ 16, అండర్ 19, అండర్ 23 జట్లను గానీ, మహిళల జట్లను గానీ ప్రకటించినప్పుడు పేర్ల జాబితా కింద నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. ఏ మ్యాచ్‌లు చూసి ఎంచారు, ఎవరు ఎంచారు, నిరుటి జట్టులోంచి తీసేసినవారిని ఎందుకు తీసేశారు. కెప్టెన్ని మారిస్తే సెలెక్షన్ కమిటీ సంతకంతో కారణం చెప్పండి. పిల్లలు సిగ్గుపడే మాటలుంటే వాళ్లకూ, తల్లిదండ్రులకూ విడిగా కాగితం ఇవ్వండి. పెద్దవాళ్ల జట్టుకు మాత్రం అందరి ఎదుటా చెప్పండి. ఆ కాగితాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ మైదానం గేటు దగ్గర కూడా ఒకటి అంటించండి. పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చే పిల్లలు అక్కడ ఆగి చదువుకుంటారు.