నీడను లెక్కించని బేరం

సూర్యరశ్మి నుండి విద్యుత్తు తీసుకోవడం మంచి పని. ఇంటికీ లాభం, దేశానికీ లాభం. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ నెల నేను వ్రాయబోయేది ఆ ఫలకాలు బిగించుకొని నిరాశపడిన వారి గురించి. చదివినవారు ఫలకాలే మోసమని అనుకోకూడదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద, మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడవదానికి 18,000 రూపాయలు, మొత్తం మీద 78,000 రూపాయలకు మించకుండా రాయితీ లభిస్తుంది. మిగతా సొమ్ము ఇంటివారిదే. మూడు కిలోవాట్లకు రాయితీ పోను లక్షకు పైగానే చేతి నుండి పెట్టుకోవాలి. కోనసీమలో చాలా ఇళ్ళలో ఆ లక్ష ఎక్కడి నుండి వస్తుందో మనకు తెలుసు. కొత్తపేట మండలంలోని మా పలివెలలో ఒక ఇంటికి అది కువైట్ నుండి వచ్చింది. ఆ ఇంటి ఆడపడుచు పరాయి వారి ఇళ్ళలో చాకిరీ చేసి పంపిన సొమ్ము అది.

వేసవిలో, మే నెల మధ్యాహ్నం వేళ, సంస్థ మనిషి వచ్చి డాబా చూశాడు. నీడ చుక్కైనా లేదు. “బిల్లు సున్నా అండి. కరెంటు పోయినా మీ ఇంట్లో లైటు వెలుగుతుందండి” అన్నాడు. ఆరు ఫలకాలు అమర్చారు. శ్రావణం వరకు అంతా బాగానే నడిచింది. కార్తీకం దాటేసరికి ఉత్పత్తి సగానికి పడిపోయింది.

కారణం యంత్రంలో లేదు. దక్షిణాన, పొరుగువారి దొడ్డిలో ఉన్న కొబ్బరిచెట్లలో ఉంది. నమాజు వేళలు తెలుసుకోవడానికి నీడను కొలవడం మదరసాలో మేము పిల్లలకు నేర్పే మొదటి పాఠాలలో ఒకటి. మన ప్రాంతంలో మే మధ్యలో నిలువుగా పాతిన కర్రకు నడిమధ్యాహ్నం నీడ దాదాపు ఉండదు. డిసెంబరు చివర అదే కర్రకు, అదే వేళకు, దాని పొడవుకు కాస్త తక్కువగా ఉత్తరం వైపు నీడ పడుతుంది. అరవై అడుగుల చెట్టయితే దాని నీడ నేలపై యాభై అడుగులు సాగుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా ఎక్కువ. పైగా ఫలకాలను సాధారణంగా వరుసగా ఒకదానితో ఒకటి కలుపుతారు. ఒకదానిపై కొబ్బరిమట్ట నీడ పడితే ఆ నష్టం దానితోనే ఆగకుండా వరుసలోని తక్కినవాటినీ వెనక్కు లాగవచ్చు. కాలువకు ఒకచోట అడ్డు పడితే దిగువ చేలన్నిటికీ నీరు తగ్గినట్లు. ప్రతి ఫలకానికీ విడిగా చిన్న ఇన్వర్టరు పెట్టే పద్ధతి ఉంది, కాని ఖర్చు పెరుగుతుంది.

ఇంటి పెద్ద నా దగ్గరకు వచ్చాడు. “మౌలానా గారూ, అమ్మాయి రెక్కల కష్టమండీ అది. ఆ రెండు చెట్లూ కొట్టించమని పక్కాయనకు మీరైనా చెప్పండి” అన్నాడు. పక్కాయన మాట వేరు. “మా తాత నాటిన చెట్లండి. ఏడాదికిన్ని కాయలిస్తున్నాయి. వాళ్ళ బల్లల కోసం నేనెందుకు కొట్టుకోవాలండి?” తరతరాలుగా పెళ్ళికీ చావుకీ ఒకరి గుమ్మంలో ఒకరు నిలిచిన రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. నా తీర్పు పక్కాయన వైపే వెళ్ళింది. చెట్టు ముందు ఉంది, ఫలకం తరువాత వచ్చింది. పొరుగువాని హక్కును తగ్గించి మన బిల్లు తగ్గించుకోలేము.

మరి తప్పు ఎవరిది? మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా అడుగున తడి తగిలిన సంఘటన మన పిల్లలందరికీ తెలుసు. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. ఫలకాలలో లోపం లేదని సంస్థవారు ఇప్పుడు వాదిస్తున్నారు. నిజమే. కాని వారు అమ్మినది అద్దపు పలకలను కాదు, నెలకు ఇన్ని యూనిట్లు వస్తాయన్న మాటను. ఆ మాట అడుగున తడి ఉంది. డిసెంబరు నీడ ఎటు పోతుందో చెప్పడం ఆ పని తెలిసినవారి బాధ్యత, కొనేవారిది కాదు.

రెండవ మాట ఇంకా దారుణంగా తేలిపోయింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు కోనసీమలో ఎన్నో ఊళ్ళు చీకటయ్యాయి. తెల్లవారి ఎండ వచ్చినా ఈ ఇంట్లో లైటు వెలగలేదు. వెలగదు కూడా. లైనుకు కలిపిన ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే తానే ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కి తీగ సరిచేసే లైన్‌మన్ మన డాబా కరెంటుకు బలవుతాడు. ఆ నియమం న్యాయమైనదే. తుపాను రాత్రి లైటు కావాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు వేరుగా ఉండాలి. ఆ బ్యాటరీకి రాయితీ వర్తించదు. ఇది ముందే చెప్పి ఉంటే ఆ కుటుంబం మరోలా ఆలోచించుకునేది.

‘300 యూనిట్లు ఉచితం’ అనే మాటనూ చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారు. ప్రభుత్వం ఇచ్చే యూనిట్లు కావవి, మన డాబా పండించుకోవలసినవి. కిలోవాట్‌కు ఎండ బాగున్న రోజున సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి, ముసురు రోజుల్లో చాలా తక్కువ. స్థిర ఛార్జీలు ఎలాగూ ఉంటాయి. ఇక రాయితీ విషయం. తాతగారి పేరిట ఉన్న మీటరుతో, మనవడి బ్యాంకు ఖాతాతో దరఖాస్తు పెట్టి, సొమ్ము రాలేదని తిరిగేవారు ఉన్నారు. వారసత్వ పంపకాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేసే మన అలవాటు కరెంటాఫీసులో కూడా ఎదురొస్తుంది!

బ్యాంకు రుణం తీసుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు మారలేదు. రాయితీ ప్రభుత్వం ఇచ్చేది, అభ్యంతరం లేదు. రుణం వడ్డీది. నెలకు నూట ఇరవై యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాట్ చాలు. మూడు ఎందుకు? కూడబెట్టిన సొమ్ముతో చిన్నగా మొదలుపెట్టండి.

వాయిదా ఉన్న అప్పును వ్రాసుకొమ్మని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం. ఈ పథకంలో అమర్చినవారు ఐదేళ్ళు నిర్వహణ చూడాలి. అది కూడా వారి మీద వాయిదా ఉన్న బాకీయే కదా! అందుచేత ఒప్పందంలో ఆ ఐదేళ్ళతోపాటు నెలవారీ యూనిట్ల అంచనా, నీడను పరిశీలించిన తేదీ, కరెంటు పోతే ఏమవుతుందన్నది, ఉప్పుగాలికీ తుపానుకూ తగిన ఇనుప చట్రం సంగతి తెలుగులో వ్రాయించుకోండి. వీలైతే డిసెంబరులో ఒక రోజు పది గంటలకు, పన్నెండుకు, మూడుకు డాబా ఎక్కి నీడ అంచులను సుద్దతో గీయండి. గీతల బయట మిగిలిన చోటే ఫలకాలకు చోటు.

పలివెల ఇంటివారి దగ్గర అలాంటి కాగితం లేదు, రసీదు ఒకటే ఉంది. రెండు దఫాలు మాట్లాడిన మీదట, ఫలకాలను డాబా ఉత్తరపు అంచుకు జరపడానికి సంస్థవారు సగం ఖర్చు భరిస్తామన్నారు. తక్కిన సగం కువైట్ నుండి రావాలి. పక్కాయన మాత్రం చెట్ల ఎండుమట్టలు దింపించాడు, ఎవరూ అడగకుండానే.